మా బావ చేతికి పడ్డ నీళ్ళు

మొన్న మస్కట్ దగ్గర అల్ హైల్‌లో ఒక ఇంటి మేడ మీద ఏసీ బాక్సు విప్పుకుని కూర్చున్నాను. పానా పట్టుకుంటే చెయ్యి చురుక్కుమనే ఎండ, టవలు మడిచి వేసుకున్నా కూర్చోనివ్వని గచ్చు. ఆ ఇంటావిడ మచిలీపట్నం వైపు నుంచి వచ్చి ఇక్కడి ఆసుపత్రిలో ఏళ్ళ తరబడి నర్సుగా చేస్తున్న సిస్టరమ్మ. మజ్జిగ గ్లాసుతో మెట్లెక్కి వచ్చి, తనకు ఎవరో పంపిన వీడియో నా ముఖం ముందు పెట్టింది. భూమి లోపలి వేడిని పైకి తెచ్చి, ఆ వేడితోనే యంత్రాలు నడిపి పెద్ద పెద్ద భవనాలను చల్లబరచవచ్చా అని ఒమన్‌లో మళ్ళీ వెతుకుతున్నారట. "మీ గ్యాసు నింపే పని ఇంక సర్దుకోవడమేనండీ," అని నవ్వి ఆవిడ దిగిపోయింది. ఆ తరువాత నాకు స్క్రూ ఒక్కటీ సరిగా పడలేదు. బిగించిందే మళ్ళీ విప్పాను, విప్పినదాన్ని ఎక్కడ పెట్టానో మరిచాను, మజ్జిగ తాగకుండానే గ్లాసు కిందికి పంపాను. 'మళ్ళీ' అన్న ఆ ఒక్క మాట నన్ను కుదురుగా ఉండనివ్వలేదు, ఎందుకంటే అంతకు ముందు వెతికిన వాళ్ళలో నేనూ ఉన్నాను.

నా సంగతి తెలిసినవాళ్ళు ఇక్కడే నవ్వుతారు. మా రూమ్‌లో కుర్రాళ్ళు నేను చెప్పిన దాంట్లో సగం కోసేసి, మిగిలిన సగాన్ని ఎండబెట్టి నమ్ముతారు. నఖల్ దగ్గరి వేడినీటి ఊటలో నేను వేసిన కోడిగుడ్డు ఉడికి, పెంకు తనే వలుచుకుని తేలి వచ్చిందనీ, దుక్మ్ గాలికి ఎగిరిపోయిన నా లుంగీని సలాలాలో ఎవరో కట్టుకుని ఫోటో పంపారనీ చెప్పిన మనిషిని నేనే కాబట్టి వాళ్ళను తప్పుపట్టలేను. గల్ఫ్‌లో తల నెరిసిన నా ఈడు వాళ్ళకు మాత్రం తెలుసు, సాయంత్రాలు గడవాలంటే కాస్త కలపక తప్పదని. ఇప్పుడు చెప్పబోయే దాంట్లో నేను కలిపింది ఉప్పంత. ఎక్కడ కలిపానో మీరే కనిపెట్టండి.

అప్పుడు నాకు ముప్పై దాటి ఉంటాయి. మా బావ, అంటే మా అక్క భర్త, నన్ను తన వెంట ఒమన్‌కు, బోరుబండి మీదికి తెచ్చాడు. బావ జగిత్యాల దిక్కు ఊళ్ళలో బోర్లు వేసిన మనిషి. పని తెలిసినవాడే, రాయి మారితే హామరు చప్పుడులోనే గుర్తుపట్టేవాడు, రాడ్డు ఇరుక్కుంటే బతిమాలి బయటికి తీసేవాడు. కానీ మా దిక్కు బోరు వేసే మనిషికి పని తెలిస్తే సరిపోదు, చెయ్యి మంచిది కావాలి. కొబ్బరికాయ కొట్టి, రాడ్డుకు పసుపు రాసి, ఇంటిల్లిపాదీ గట్టున కూర్చుని చూస్తుండగా నీళ్ళు పడితే ఆ చెయ్యి మంచిదంటారు, దుమ్ము లేస్తే ఆ దుమ్ము కూడా చేతిదే అంటారు. బావ ఎక్కడ బోరు దింపినా దుమ్మే లేచేది. తన సొంత పొలంలో కూడా మబ్బులాగా దుమ్ము లేచి, గట్టున కూర్చున్న మా అక్క తల ముసలమ్మ తలలా తెల్లబడింది. ఆ తరువాత ఊళ్ళో ఆయన అసలు పేరు పోయి దుమ్ము డ్రైవరు అనే పేరు నిలిచింది. రైతులు బండి మాట్లాడుకునేటప్పుడే, బండి పంపండి గానీ ఆయనను పంపకండి అని ఓనరుకు చెప్పేవారట. పెళ్ళిళ్ళలో వియ్యపువాళ్ళు కూడా ఆయన చేతి నుంచి నీళ్ళ గ్లాసు అందుకుంటూ ఒక నవ్వు నవ్వేవారు. ఆ నవ్వుకే ఆయన దేశం దాటాడని మా అక్క చెబుతుంది.

బహ్లా ఊరికి కాస్త దూరంలో, ఖర్జూర తోటలు అయిపోయి నల్లరాతి కొండలు మొదలయ్యే చోట మా సైట్. కొండలంటే మన కొండల్లా పచ్చదనం ఏమీ ఉండదు, మాడిన అప్పచ్చిని విరిచి పోసినట్టు ఉంటాయి. మాకు పై అధికారి ఒక ఒమనీ మేడం, రాళ్ళ చదువు చదివి వచ్చిన మనిషి, హిందీ మాకంటే శుభ్రంగా మాట్లాడేది. ఆ రాయి ఒకప్పుడు సముద్రం అడుగున నిప్పులా కాగుతూ పైకి వచ్చి గట్టిపడిందనీ, తరువాత ఏ కాలంలోనో నేల మీదికి ఎక్కిందనీ, ఇక్కడి వేడినీటి ఊటలు చూస్తే లోతున ఇంకా వేడి దొరకవచ్చని కొందరి ఆశ అనీ చెప్పింది. మేము చేయవలసింది సన్నటి బోరు లోతుగా వేయడం, దాన్ని కదపకుండా వదిలేయడం, నేల తన వేడికి తాను వచ్చాక తీగకు కట్టిన మీటరు దింపి ఎంత లోతున ఎంత వెచ్చగా ఉందో చూడడం, అంతే. నీళ్ళ కోసం కాదు అని ఆమె మొదటి రోజే రెండుసార్లు చెప్పింది. దారిలో నీళ్ళు తగిలితే గాలి ఆపి, మూత వేసి, తనకు ఫోను చేయాలి.

ఆ మాట విన్నప్పుడు మా బావ ముఖం చూడవలసింది. నీళ్ళు అక్కర్లేని బోరు ఒకటి ఈ లోకంలో ఉంటుందని ఆయన ఎన్నడూ అనుకోలేదు. ఆ సాయంత్రం టీ తాగుతూ, "ఈడ దుమ్ము లేస్తే మంచిదేనట బామ్మర్దీ, నా కోసమే పెట్టినట్టున్నరు ఈ కంపెనీ," అన్నాడు. మిగతా వాళ్ళంతా నవ్వారు, ఆయన కూడా నవ్వాడు. నేను మాత్రం ఊరుకోకుండా, లోపల కాగుతున్న రాయికి మన హామరు తగిలిందంటే ముందుగా కరిగేది డ్రైవరు చెప్పులే అని ఒక కథ అల్లి వదిలాను. అది క్యాంపులో ఎంత దూరం పోయిందంటే, బండి దగ్గర నిలబడవలసిన ఇద్దరు మరునాటి నుంచి బూట్ల లోపల అట్టముక్కలు పెట్టుకుని వచ్చారు.

ఆ పనిలో ఎవరికీ నిలకడ లేదు. బోరు లోపలికి పోతున్నకొద్దీ మనసు ముందుకు పరుగెత్తేది. ఇది వేడిగా వస్తే ఈ చుట్టుపక్కలే ఇంకా బోర్లు ఉంటాయి, రాకపోతే అందరినీ దుక్మ్‌కు, పోర్టు పనులకు తోలేస్తారు. బావ అన్నం తింటూ లేచిపోయి రాడ్లు తడిమి వచ్చేవాడు. నేను కంప్రెసర్ దగ్గర నిలబడి, బయటికి వచ్చే రాతిపొడిని చేతిలోకి తీసుకుని వెచ్చగా ఉందా అని మాటిమాటికీ చూసేవాణ్ణి. హామరు రాపిడికి అది ఎలాగూ వెచ్చగానే ఉంటుందని తెలుసు, అయినా చూడకుండా ఉండలేకపోయేవాణ్ణి.

ఇలా ఉండగా ఒక పొద్దున, మేడం మస్కట్ వెళ్ళి ఉన్నప్పుడు, హామరు చప్పుడు మారింది. ఖణఖణమంటున్నది కాస్తా మెత్తబడి, బోరు నోట్లోంచి వచ్చే పొడి ముద్దగా మారింది. బావ చెయ్యి లీవరు మీదే ఆగిపోయింది. నేను గాలి ఆపాలా అని సైగ చేశాను. మేడం మాట నాకూ గుర్తుంది, ఆయనకూ గుర్తుంది. కానీ నీళ్ళు తగిలినాక బోరును గాలితో పూర్తిగా ఊది, లోపలి బురదంతా కక్కించి, నీళ్ళు ఎంత ఎత్తు లేస్తాయో కళ్ళారా చూడకుండా బండి ఆపడం మా దిక్కు ఏ డ్రైవరుకూ చేతకాదు. పుట్టిన బిడ్డ ఏడ్చేదాకా మంత్రసాని లేవనట్టే అది. బావ నా వైపు చూడకుండానే చెయ్యి పైకెత్తి గాలి పెంచమన్నాడు. నేను పెంచాను.

ముందు బూడిదరంగు బురద ఎగిరింది, తరువాత పాలలాంటి నీళ్ళు, ఆ తరువాత గాజులాంటి నీళ్ళు. ఖర్జూర చెట్టు ఎత్తున లేచాయని ఇంటికి ఫోనులో చెప్పాను, నిజానికి మనిషి మీద మనిషి నిలబడితే ఎంతో అంత. మా వాళ్ళంతా కింద చేరి తడిశారు. బావ హెల్మెట్ తీసి పక్కన పెట్టి, ఆ నీటి కింద చేతులు రెండూ చాపి నిలబడ్డాడు. నేను వీడియో తీసి అక్కడికక్కడే మా అక్కకు పంపాను, అది అక్క ఫోనులోంచి ఊరి ఫోన్లన్నింటిలోకీ పోయింది. గాలి ఆపమని మళ్ళీ ఎవరూ అనలేదు. అలా చాలాసేపు ఊదాము.

మా ఊళ్ళో అయితే ఆ పాటికి జనం నవ్వుతూ వచ్చి చుట్టూ మూగేవారు. ఇక్కడా జనం వచ్చారు. తోటల వైపు నుంచి దుమ్ము రేపుకుంటూ రెండు బండ్లు వచ్చి ఆగాయి, దిగిన వాళ్ళలో ఒక్క ముఖంలోనూ నవ్వు లేదు. ముందు నడిచింది ఒక పెద్దాయన, కాళ్ళకు చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చేశాడు. అక్కడ కొండ పాదం నుంచి నేల లోపలి కాలువలో నీరు దానంతటదే నడిచి ఊళ్ళోకి వస్తుంది, దాన్ని ఫలజ్ అంటారు. మన దిక్కు చెరువు నీటిని మడులకు పంచే నీరటి ఎలాగో, ఆ ఫలజ్‌కు ఈ పెద్దాయన అలాగ. ఆయన చేతిలో ఒక సీసా ఉంది, దాని నిండా బూడిదరంగు నీళ్ళు. ఊళ్ళో జనం తాగే చోట కాలువలోంచి అప్పుడే ముంచి తెచ్చాడట. ఆ సీసాను మా బావ తడిసిన చేతిలో పెట్టి, "యే పానీ ఫలజ్ కా పానీ హై. బంద్ కరో," అన్నాడు, తనకు వచ్చిన నాలుగు హిందీ ముక్కల్లో, అరవకుండా, జ్వరంలో ఉన్నవాడు మాట్లాడినట్టు.

నేను గాలి ఆపాను. నీళ్ళు పడిపోయి, ఒక్కసారిగా చెవులకు ఏమీ వినబడలేదు.

ఫోను చేస్తే మేడం మధ్యాహ్నానికి వచ్చింది. మమ్మల్ని తిట్టడానికి కూడా ఆగలేదు. ఆమె, పెద్దాయన కలిసి కాలువ దాకా వెళ్ళి వచ్చారు. నీళ్ళు బురదగా రావడమే కాకుండా, గోడ రాతి మీద ఎప్పుడూ ఉండే నీటి చార కంటే కాస్త కిందికి దిగాయి. మా బోరు, ఆ కాలువ, రెండూ ఒకే రాతి చీలికలోంచి తాగుతున్నాయన్న మాట. నీళ్ళు ఉన్న లోతు దాటేదాకా ఇనుప కేసింగ్ గొట్టం దింపి, దానికీ రాతికీ నడుమ సిమెంటు ఎక్కించి ఆ నీటిని మూసేయాలని ఆమె తేల్చింది. ఆ తరువాత ఆ గొట్టం లోపలి నుంచి వేడి కోసం కిందికి పోవచ్చు. అయితే సిమెంటు పలచగా పోతే చీలికలోకి జారి, ఫలజ్ గొంతులోనే గడ్డకట్టే ప్రమాదం ఉంది. అలా జరిగితే ఆ తోటలకు మళ్ళీ నీళ్ళు లేవు. అందుకే నిదానంగా, చేతి అదుపులో పోయాలి, పోసేది బండి డ్రైవరే.

అందరూ బావ వైపు చూశారు. ఆయన హిందీలో మేడంను అడిగాడు, ఈ బోరు ఇలాగే ఉంచి మోటారు పెట్టి ఊరికే ఇస్తే ఏం, కాలువలో తగ్గింది ఇందులోంచి పోయవచ్చు కదా అని. ఆయన అడిగింది ఊరి కోసం కాదని నాకు తెలుసు. మేడం ఆ మాటను అరబీలో పెద్దాయనకు చెప్పింది. ఆయన కోపగించలేదు. దూరంగా ఒక లోయ వైపు చెయ్యి చూపించాడు. అక్కడా ఒకప్పుడు ఫలజ్ ఉండేదట, ఎవరో మోటారు బావి తవ్వుకున్నారు, పక్కవాడు ఇంకొంచెం లోతుగా తవ్వుకున్నాడు, ఆ పక్కవాడు ఇంకా లోతుగా. ఇప్పుడు అక్కడ నిలబడి ఉన్నవి మోడులు. మేడం దాన్ని హిందీలో చెబుతుంటే బావ తల దించుకుని విన్నాడు. మా దిక్కు బోరుబండి నడిపిన మనిషికి ఆ కథ ఎవరూ చెప్పనక్కర్లేదు. ఒకడి బోరు పడిన రోజే పక్కవాడి బావి ఎండిపోవడం ఆయన ఎన్ని గట్ల మీద నిలబడి చూశాడో.

అప్పుడే ఫోను మోగింది. ఊరి నుంచి మా పెదనాన్న కొడుకు. వీడియో చూశాడట, ఆరు నెలలకో ఏడాదికో బావ సెలవు మీద వస్తే తన చేనులో చెయ్యి పెట్టాలట, ఎవరి మాటా వినొద్దట. స్పీకరులో ఉండడం వల్ల బావ అంతా విన్నాడు. ఎన్నేళ్ళుగా ఆ ఒక్క మాట కోసం తండ్లాడాడో, అది చెవిన పడుతున్న గడియలోనే ఎదురుగా సిమెంటు సంచులు దింపుతున్నారు. నేను ఉండబట్టలేక, వద్దని మొండికేద్దాం, రాయి గట్టిగా లేదు, కేసింగ్ దిగదు అని ఏదో ఒకటి చెబుదాం, నాలుగు రోజులు గడిస్తే వాళ్ళే మరిచిపోతారు అని ఆయన చెవిలో గొణిగాను. అబద్ధాలు ఆడడంలో నాకున్న సులువు ఆయనకు తెలుసు.

బావ నా ఫోను అందుకుని ఆపేసి నా జేబులో పెట్టాడు. "మనూర్ల నేను దుమ్ము లేపి ఒక్కని కడుపు గొట్టిన అనుకున్నరు. ఈడ నీళ్ళు లేపి ఇంతమందివి కొట్టాల్నా?" అన్నాడు. బండి వైపు నడుస్తూ, "కేసింగ్ పట్టు బామ్మర్దీ, ఎండ దిగుతున్నది," అన్నాడు.

కేసింగ్ దిగింది. సిమెంటు కలపడం నాకు అప్పగించాడు గానీ ప్రతి తొట్టిలోనూ తనే చెయ్యి ముంచి, వేళ్ళ మధ్య నుంచి ఎలా జారుతుందో చూసి, ఇంకా చిక్కబడాలని రెండు సార్లు వెనక్కి పంపాడు. కాస్త పోసి ఆగేవాడు. పెద్దాయన మనిషి ఒకడు కాలువ దగ్గర కూర్చుని, నీళ్ళలో సిమెంటు ఛాయ కనబడితే ఫోను చేయాలని ఏర్పాటు. ఆ ఫోను మోగుతుందేమోనని మా అందరి చెవులూ అటే. ఆ పూట నా నోట ఒక్క కథ రాలేదంటే మీరు నమ్మరు. చివరి తొట్టి పోసి బావ లేచి నిలబడేదాకా ఫోను మోగలేదు.

సిమెంటు గట్టిపడేదాకా పని లేదు. పని లేని రోజులు గల్ఫ్‌లో ఎలా ఉంటాయో తెలుసు కదా, మంచం మీద పడుకుంటే మంచం పొడుస్తుంది, లేస్తే ఎండ పొడుస్తుంది. బావ పొద్దునా సాయంత్రం తోటల దాకా నడిచిపోయి, కాలువ గోడ మీది నీటి చార చూసి వచ్చేవాడు. మొదట నీళ్ళు తేటబడ్డాయి గానీ పైకి ఎక్కలేదు. తాను మూసింది సరిపోలేదా, సిమెంటు ఎక్కడైనా అడ్డం పడిందా అని ఆయన పళ్ళెంలో అన్నం కెలికి వదిలేసేవాడు. ఒక సాయంత్రం నేనూ వెంట వెళ్ళాను. పెద్దాయన అప్పటికే అక్కడ ఉన్నాడు. ముగ్గురం గోడ వైపు వంగి చూశాము. నీళ్ళు చారను తాకుతూ పోతున్నాయి. పెద్దాయన గిన్నె ముంచి, తాను తాగకుండా ముందు మా బావకు అందించాడు. బావ ఆ గిన్నెను రెండు చేతులతో పట్టుకుని తాగాడు, కొన్ని నీళ్ళు గడ్డం మీదుగా చొక్కా లోపలికి పోయాయి. మా పెళ్ళిళ్ళలో ఆయన గ్లాసు అందిస్తే నవ్విన వాళ్ళంతా నాకు ఆ గట్టు మీద గుర్తుకొచ్చారు.

ఇక వేడి మాట. ఆ తరువాత కిందికి చాలా లోతు పోయాము. ఈసారి దుమ్మే, మేడంకు కావలసిన పొడి దుమ్ము. బోరును కదపకుండా చాలా రోజులు వదిలి, తీగ దింపి చూస్తే, అనుకున్నంత వేడి లేదు. బిడ్డకు స్నానం పోయడానికి బాగుండేంత వెచ్చన, అంతే. యంత్రం నడపడానికి అది చాలదట, ఇంకా చాలా లోతు పోతే గానీ తెలియదట, దానికి ఆ ఏడు కంపెనీ సిద్ధంగా లేదట. మేడం మా అందరికీ చేతులు కలిపి వెళ్ళిపోయింది. ఖలాస్. మమ్మల్ని దుక్మ్ తోలారు, అక్కడి గాలి సంగతి ముందే చెప్పాను.

బావ మరి కొన్నేళ్ళు ఉండి ఇంటికి పోయాడు. పెదనాన్న కొడుకు చేనుకు చెయ్యి పెట్టడానికి పిలిస్తే, నేను కొట్టిన నీళ్ళను నేనే మూసి వచ్చాను, ఆ మాట తెలిసి కూడా పిలిస్తే వస్తాను అని చెప్పాడట. ఆ మాట తెలిశాక పెదనాన్న కొడుకు మళ్ళీ పిలవలేదు. ఊళ్ళో దుమ్ము డ్రైవరు అన్న పేరు అలాగే ఉంది, కాస్త పాతబడింది, అంతే. ఇప్పుడు ఆయన మార్కెట్ యార్డులో కాంటా దగ్గర పని చేస్తున్నాడు.

ఆ రోజు సిస్టరమ్మ ఇంటి నుంచి రూమ్‌కు వచ్చీ రాగానే బావకు ఫోను చేశాను. మళ్ళీ వెతుకుతున్నారట బావా, ఈసారి ఇంకా లోతు పోతారట అన్నాను. ఆయన వేడి గురించి ఏమీ అడగలేదు. మా ఊరి బోర్ల సంగతి ఎత్తాడు, ఈ ఎండాకాలం ఒక్కొక్కటీ గాలి కక్కుతున్నాయని, ఒకప్పుడు ఎవరెవరి చెయ్యి బంగారమని పేరుందో వాళ్ళు వేసినవే ముందు పోయాయని చెప్పాడు. ఆ చెప్పడంలో పగ లేదు. ఆఖరున, "మంచి చేతులోళ్ళ బోర్లన్నీ ఎండినయి బామ్మర్దీ. నాకు పడ్డ నీళ్ళొక్కటే ఇంకా నడుస్తున్నయి," అన్నాడు.

ఇప్పుడు వెతికే వాళ్ళు మాలాగా పొడిని అరచేతిలోకి తీసుకుని చూడరట, తీగ దింపితే అంకెలన్నీ మస్కట్‌లో కూర్చున్న వాళ్ళ కంప్యూటరులో పడతాయట. మా ఊళ్ళో కూడా నీటి చోటును యంత్రం చూపిస్తోంది, డ్రైవరు ఎవరని ఎవరూ అడగడం లేదు. ఫలానా వాడి చెయ్యి చెడ్డదనే మాట పోయింది, మంచిదే. దానితో పాటే ఒకరి చేతిని తలచుకుని గిన్నె అందించే మాట కూడా మెల్లగా పోతున్నట్టుంది. నాలాంటి వాడు ఎంత కలిపి చెప్పినా దాన్ని వెనక్కి తేలేడు.